ఇంట్లో ఎవరికైనా ఉందా

పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్న మేష్టారు, రక్తపరీక్ష రిపోర్టు కోసం సామర్లకోట నుంచి రాజమండ్రి ఆస్పత్రికి ఒక్కరే వచ్చారు. డాక్టరమ్మ ఆయన నింపిన ఫారం తిరగేసింది.

"మీ అమ్మానాన్నలకి ఏ జబ్బూ లేదని రాశారేంటండీ? మీది పుట్టుకతో వచ్చిన జన్యులోపం. సాధారణంగా ఇద్దరిలో ఒకరి నుంచే వస్తుంది."

"వాళ్లిద్దరూ ఎనభై దాటాకే పోయారండి."

ఆ మాట అన్నాక గానీ ఆయనకి తట్టలేదు.

"నన్ను మూడో ఏట దత్తత ఇచ్చారండి. అలవాటుకొద్దీ పెంచినవాళ్ల గురించే రాసేశాను."

"మరి కన్నవాళ్లో?"

"కన్నతల్లి నలభై ఏళ్లకే పేగు జబ్బుతో పోయిందని విన్నాను. మా ఇంట్లో ఆవిడ ఊసెత్తేవారు కాదు. ఫొటో కూడా చూళ్లేదు."

"అయితే ఆవిడ దగ్గర్నుంచే వచ్చుంటుంది. ఒక మంచి మాట కూడా ఉందండి. ఈ లోపం ఉన్నవాళ్లు, మిగతా పేగు క్యాన్సర్ పేషెంట్లకంటే ఎక్కువకాలం బతకడం చూస్తుంటాం. ఇంట్లోవాళ్లకి చెప్పండి."

"ఇంట్లో నేనొక్కణ్ణేనండి."

డాక్టరమ్మ ఆయన ఫైలు తెరిచింది.

"సరే, రిపోర్టు మీ ఫైల్లో పెట్టేస్తాను."

"వద్దండి, నాకివ్వండి. సర్టిఫికెట్లన్నింట్లోనూ పెంచిన అమ్మ పేరే ఉంది. నేను ఆ కన్నతల్లి కొడుకునని చెప్పే కాగితం ఇదొక్కటే."