గంగమ్మ పూనినవాడు

కళింగపట్నం ఒడ్డున, మానసిక వైద్యంపై పరిశోధన చేసే ఒకామె, ఆ వైద్యంతోనే కోలుకున్న జాలరితో మాట్లాడుతోంది.

“రేపు డాక్టర్ల మీటింగులో నీ జబ్బు గురించి నువ్వే చెప్పాలి, అన్నా. రోగులకేం కావాలో రోగుల్ని అడక్కుండా ఎలా తేలుస్తాం?”

“మా పడవోలు నాకు గంగమ్మ పూనిందనుకుంటన్నారు తల్లీ. మొక్కి మరీ ఎక్కిస్తన్నారు. జబ్బని తెలిస్తే ఒడ్డునొగ్గేస్తారు.”

“నీ పేరు బయటికి రానివ్వను.”

“పేపరోలు ఫొటో తియ్యరేటి?”

“తీస్తారేమో...”

“నాలాగ నువ్వూ పిచ్చి మాత్తర్లు మింగినావని మొదటిరోజు నువ్వే సెప్పినావు గదా. మీ డాక్టర్లకి సెప్పినావేటి?”

“లేదు. చెబితే ఉద్యోగంలో ఉంచరేమోనని భయం.”

“సూడు మరి!”

“సరే, రేపు ముందు నా సంగతే చెబుతాను.”

“ఒలమ్మ, వద్దు తల్లీ! నిన్ను తీసేస్తే మా గోడు ఇనడానికి ఎవులొస్తారు?”

“మరి రేపు ఎవరు మాట్లాడతారన్నా?”