నాలుగు రోజుల సెలవు

సెలవులో రెండో రోజు, పొద్దున పదిన్నర. బయట వాన. కిటికీ పక్క మంచం మీద భార్య పుస్తకం చదువుకుంటోంది. ఎదురుగా కుర్చీలో భర్త.

“మళ్ళీ అదే పుస్తకమా?”

“అదే. పదకొండోసారి. మీరేగా అటక మీంచి దింపి ఇచ్చారు.”

“దింపాను సరే, అన్నీ వదిలేసి ఆ పడవావిడ కథే పట్టుకుంటావనుకోలేదు.”

“పడవావిడ కాదండీ, రేవులో హోటల్ నడిపే ఆవిడ. పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నా మీ చెవికెక్కదు. ఇదిగో, ఈ టీ మరక చూడండి. పెళ్ళైన కొత్తలో మీరు ఒలకబోసిందే.”

“నేనా?”

“మీరే. పైగా పుస్తకం మంచం మీద ఎవరు పెట్టమన్నారని నన్నే కసిరారు. అట్ట ఊడిపోతే నేనే జిగురు పెట్టి అతికించుకున్నా. అలాంటిది ఇప్పుడు మీరే బైండింగు చేయించి తెచ్చారు. ఏమిటండీ విశేషం?”

“విశేషమేముంది. అలిసిపోయావు. పేపర్లు దిద్ది దిద్ది కళ్ళు లోపలికి పోయాయి. నాలుగు రోజులు ఇంట్లో ఉండి నీకిష్టమైనవి చదువుకుంటావని.”

“బాగానే ఉంది. నిజంగా బాగుంది. నిన్న మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మీరు బట్టలు మడత పెడుతున్నారు. కలేమో అనుకున్నా.”

“వెటకారం వద్దు.”

“వెటకారం కాదు. చిన్నప్పుడు ఈ కథలో కూతురంటే ఇష్టంగా ఉండేది నాకు. ఇప్పుడు తల్లే నచ్చుతోంది. చదివిన పుస్తకం మళ్ళీ చదవడంలో సుఖమేమిటో తెలుసా? ఏ పేజీలో ఎవరు పోతారో ముందే తెలుసు. భయం ఉండదు.”

“ముందే తెలిస్తే భయం ఉండదంటావా?”

“ఉండదు. ఎందుకలా అడిగారు?”

“ఊరికే.”

“మీరూ ఓ పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. నిన్న చూసినా ఇరవై మూడో పేజీ, ఇవాళ చూసినా ఇరవై మూడో పేజీ.”

“మెల్లిగా చదువుతున్నా.”

“ఏమండీ, పరీక్షల వారంలో టీచరు సెలవంటే మా ప్రిన్సిపాల్ మేడమ్ ఇంతెత్తున లేస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. మీరేం చెప్పారు ఆవిడకి?”

“నీకు నడుం నొప్పని చెప్పాను.”

“నాకా?”

“ఏదో ఒకటి చెప్పాలిగా.”

“నన్నడిగితే నేనే చెప్పుకునేదాన్ని. సరే, మరి మీరెందుకు సెలవు పెట్టారు?”

“నాకు మాత్రం విశ్రాంతి వద్దా? ఏడాదంతా బిల్డింగులు ఎక్కడం, దిగడం, గోడలు తట్టి చూడటం.”

“వద్దని ఎవరన్నారు. నా ఫోనేదీ?”

“ఛార్జింగులో ఉంది.”

“నిన్నటి నుంచీ ఛార్జింగులోనే ఉందా?”

“ఉండనీ. విశ్రాంతంటే ఫోను లేకుండా ఉండటమే.”

“మా ఆయా చేసుంటుంది, తలుపు గురించి.”

“ఏ తలుపు?”

“మా ఐదో తరగతి తలుపు. చెప్పలేదూ? పది రోజులుగా సరిగ్గా పడట్లేదు. కింద నేలకి రాసుకుంటోంది. వడ్రంగిని పిలిస్తే వానకి చెక్క ఉబ్బిందని చిత్రిక పట్టి వెళ్ళాడు. రెండు రోజులు బాగుంది, మళ్ళీ పట్టేసింది. ఈసారి పైన.”

“పైనంటే?”

“పైనే. ఓ మూల ఇరుక్కుంటోంది, ఇంకో మూల వేలు దూరేంత సందు. పిల్లలు అందులోంచి కాగితం ముక్కలు తోస్తున్నారు.”

“సందు ఏ మూల? కిటికీ వైపా, మెట్ల వైపా?”

“మెట్ల వైపు. ఎందుకు లేచారు? కూర్చోండి.”

“వేలంటే నీ వేలా, పిల్లల వేలా?”

“నా వేలే.”

“ఎప్పుడు చూశావు?”

“మంగళవారం సాయంత్రం, తాళం వేయబోయి. తాళం పడలేదు, అలాగే వదిలేసి వచ్చా. మీ మొహం అలా ఉందేమిటి?”

“ఎలా ఉంది?”

“మీ అమ్మగారి ఆపరేషన్ రోజు ఇలాగే ఉన్నారు. డాక్టరు వచ్చి చెప్పేదాకా నాతో ఏదేదో మాట్లాడుతూ కూర్చున్నారు.”

“ఏం లేదు. వాన తగ్గిందా?”

“ఎక్కడ తగ్గింది. రెండు వారాలుగా ఇదే. బడి పక్క స్థలంలో పునాదులకని తవ్విన గుంట నిండా నీళ్ళే. మోటారు పెట్టి తోడుతున్నారు, పొద్దునకల్లా మళ్ళీ నిండుతోంది.”

“అంత లోతు తవ్వకూడదది.”

“మీరు చూశారా?”

“చూశాను.”

“ఎప్పుడు?”

“సోమవారం.”

“సోమవారం మా బడికి వచ్చారా? నాతో ఒక్క మాట అనలేదు.”

“పైకి రాలేదు. కింద పార్కింగు వరకే. నేనూ, మా ఆఫీసు పెద్ద సారూ.”

“ఏం చూశారు?”

“చదువుకో.”

“ఏం చూశారండీ?”

“పిల్లర్లు. ముందువైపు మెట్ల పక్కన రెండు పిల్లర్లు. పగుళ్ళున్నాయి. పగుళ్ళు లేని బిల్డింగు ఎక్కడైనా ఉందా?”

“అన్నిటికీ ఉండే పగుళ్ళే అయితే, సోమవారం చూసి మంగళవారం నాకు సెలవెందుకు పెట్టించారు?”

“నువ్వు అలిసిపోయావని చెప్పాగా.”

“ఎందుకు పెట్టించారు?”

“నాలుగు రోజులు. శనివారంతో పరీక్షలు అయిపోతాయి. ఆదివారం నుంచి పిల్లలకి సెలవులు. బడి ఖాళీ కాగానే పిల్లర్లకి ఆసరాగా జాకీలు పెట్టి పని మొదలుపెడతాం. పెద్ద సారు మాటిచ్చారు. ఇప్పుడు మూయిస్తే పేపర్లో వస్తుంది, అందరం ఇరుక్కుంటాం అన్నారు. నాలుగంటే నాలుగు రోజులు. ఇన్నేళ్ళు నిలబడింది, నాలుగు రోజులు నిలబడదా?”

“ఆ నమ్మకమే ఉంటే నన్ను పంపేవారు.”

“అదికాదు, విను.”

“మూడు వందల ఎనభై మంది పిల్లలు. వాళ్ళ నాన్నలెవరూ పిల్లర్లు చూసే ఉద్యోగంలో లేరు.”

“అలా మాట్లాడకు.”

“బడి గట్టిగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చిందెవరు?”

“నేనే. వేసవిలో. అప్పుడు పక్కన గుంట లేదు. పైన ఆ కొత్త నీళ్ళ ట్యాంకు లేదు.”

“అప్పుడు ఆ పిల్లర్లు బాగున్నాయా?”

“కింద బెంచీలూ, బీరువాలూ అడ్డంగా పేర్చి ఉన్నాయి. ఖాళీ చేయించండి, మళ్ళీ వచ్చి చూస్తానన్నాను.”

“వెళ్ళి చూశారా?”

“పనుల్లో పడి...”

“చూశారా?”

“లేదు.”

“నా ఫోనివ్వండి.”

“ఎవరికి?”

“మేడమ్‌కి.”

“నువ్వు చెబితే ఆవిడ నన్నే అడుగుతుంది. ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు. ఈ వయసులో నన్ను...”

“ఫోను.”

“బీరువాలో ఉంది.”

“బీరువాలో పెట్టారా ఛార్జింగు?”

ఆమె లోపలికి వెళ్ళి, చాలాసేపు ఫోనులో మాట్లాడి వచ్చింది.

“ఏమంది?”

“ముందు నడుం నొప్పి ఎలా ఉందని అడిగింది.”

“తర్వాత?”

“మొత్తం వింది. మీ ఆయన సంతకం చేసిన కాగితం నా గదిలో గోడకి ఫ్రేము కట్టి ఉందమ్మా అంది. లెక్కల పరీక్ష సగంలో ఉందట. ఒక్క టీచరు మాట మీద ఇంతమందిని వానలో నిలబెడితే తల్లిదండ్రులకి ఏం జవాబు చెప్పను అంది. నన్ను లైన్లో ఉంచి, ఇంకో ఫోన్లో మీ పెద్ద సారుకి చేసింది. అలాంటిదేమీ లేదన్నారట ఆయన.”

“చూశావా మరి.”

“ఏం చూడాలి? సర్టిఫికెట్ ఇచ్చిన మనిషి నోటితో ఒక్క మాట అనిపించు, ఆ క్షణమే గంట కొట్టిస్తాను అంది. ఇదిగో ఫోను. చెప్పండి.”

“సాయంత్రం పెద్ద సారుతో ఇంకోసారి మాట్లాడి చూస్తా.”

“ఇప్పుడు చెప్పండి.”

“నా వల్ల కాదు.”

“ఒక్క మాటండీ.”

“నా వల్ల కాదు. మూడు రాత్రులుగా నిద్ర లేదు నాకు. కళ్ళు మూస్తే ఆ పిల్లర్లే. అయినా నా వల్ల కాదు. నిన్ను ఇంట్లో కూర్చోబెట్టగలిగాను, అంతవరకే నాకు చేతనైంది. నువ్వు కళ్ళెదుట ఉన్నావు. అది చాలు.”

“నేను కళ్ళెదుట ఉన్నాను కాబట్టి మీరు కూర్చోగలుగుతున్నారు.”

“అంటే?”

“ఏం లేదు. అర్థమైందంటున్నా.”

“ఎక్కడికి? గొడుగెందుకు? ఏయ్, ఎక్కడికో చెప్పి వెళ్ళు.”

“ఆ కిటికీ వేసెయ్యండి. జల్లు కొడుతోంది.”

ముప్పావుగంట తర్వాత, ఫోనులో.

“ఎన్నిసార్లు చెయ్యాలి? ఎక్కడున్నావు?”

“బడిలో.”

“బడిలో ఎక్కడ? గేటు దగ్గరేనా?”

“మూడో అంతస్తు. మా తరగతి గుమ్మంలో నిలబడ్డాను.”

“నీకేమైనా పిచ్చా? దిగు.”

“దిగను. పిల్లలు పరీక్ష రాస్తున్నారు. ముప్పై నాలుగు మంది. నన్ను చూసి ఒకటే నవ్వులు, నడుం నొప్పి పోయిందా టీచర్ అని.”

“నేను చెప్పిందంతా విని కూడా పైకెక్కావా?”

“మీరు చెప్పింది సరిగా బుర్రకెక్కలేదు. ఏవో పగుళ్ళన్నారు. పగుళ్ళు అన్ని బిల్డింగులకీ ఉంటాయన్నారు. శనివారం దాకా నిలబడుతుందన్నారు. మీరు అన్నారని ధైర్యంగా వచ్చేశాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. రేపూ వస్తాను.”

“నిలబడదు.”

“ఏమిటి? వాన చప్పుడులో వినపడట్లేదు. గట్టిగా చెప్పండి.”

“నిలబడదంటున్నా. అవి పగుళ్ళు కావు. రెండు పిల్లర్లకీ కాంక్రీటు ఊడిపోయి లోపలి ఊచలు బయటికి వంగిపోయాయి. సోమవారం నా కళ్ళతో చూశాను. పైన నీ తలుపు అలా పట్టేసిందంటే మెట్ల వైపంతా కుంగుతోంది. శనివారం దాకా కాదు, ఈ సాయంత్రం దాకా నిలబడుతుందని కూడా నేను చెప్పలేను.”

“మరి సర్టిఫికెట్?”

“చూడకుండా సంతకం పెట్టాను. ఆ పిల్లర్ల దగ్గరికే వెళ్ళలేదు నేను. ఎవరు అడిగినా చెబుతాను, ఎక్కడికి రమ్మన్నా వస్తాను, ముందు నువ్వు దిగు. ముందువైపు మెట్లు వద్దు, అటు వెళ్ళకండి. వెనక మెట్ల మీంచి దిగండి. పిల్లల్ని పరిగెత్తనివ్వద్దు, గుంపుగా వద్దు, ఒక్కో తరగతీ మెల్లిగా. నీ కాళ్ళు పట్టుకుంటాను. వింటున్నావా? మాట్లాడవేం? వింటున్నావా?”

“వింటున్నానండీ. ప్రిన్సిపాల్‌ని మాట్లాడుతున్నాను. మీరు చేసినప్పటి నుంచీ ఫోను స్పీకర్లో పెట్టి నా చేతిలోనే ఉంది, మీ ఆవిడా నేనూ ఇద్దరం వింటూనే ఉన్నాం. గంట కొట్టమని మనిషిని పంపాను. ఆవిడ లోపల పిల్లల్ని వరసలో నిలబెడుతున్నారు. ఆఖరి పిల్ల దిగాకే తను దిగుతానని మీకు చెప్పమన్నారు.”