ఆ తర్వాతి ఆయతు

ఆదిలాబాద్‌లో పరుపులు కుట్టే ఆ దుకాణంలో దూది ఏకే యంత్రం ఆగింది. పెద్దాయన ఫోను యువకుడి వైపు తిప్పాడు. తెర మీద పెద్దాయన ముఖం ఆయనకే భయం పుట్టించేలా ఉంది.

“గీ వీడియో పెట్టింది నువ్వేనా, తమ్మీ?”

“నేనే, భాయ్. అండ్ల నీ మాటలే ఉన్నయి. నేనొక్క ముక్క గూడ కలపలే.”

“కలపలే. కోసినవ్. యుద్ధం గురించి ఖురాన్ల ఏమున్నదో చెప్పమని నువ్వే అడిగితివి. ‘వాళ్లు యాడ దొరికితే ఆడ చంపుండ్రి’ అన్న ఆయతు చదివిన. ఒప్పందం చేసుకొని, మాట తప్పి మీదికొచ్చిన ఆ కాలపు అరబ్బు తెగల గురించి అని గంటసేపు చెప్పిన. అదంతా యాడికి పోయింది?”

“పెద్ద వీడియో ఎవ్వలు చూడరు, భాయ్. జర సమజ్ చేసుకో.”

“పొద్దుగాల్నుంచి ఒక్క గిరాకి రాలే నాకు. దాని ఎన్కాల ఆయతు గూడ చదివిన. యాదికున్నదా?”

యువకుడు తన ఫోను తీసి ఆ వీడియో తెరిచాడు.

“వాళ్లల్ల ఎవడన్న నిన్ను శరణు అడిగితే కాపాడు, వానికి భయం లేని జాగకు తోల్కపోయి దించు అని ఉన్నది.”

“తీసేస్త, భాయ్. ఫికర్ చెయ్యకు.”

“మొన్న గొడవల్ల రాళ్లు పడుతుంటే నా దుకాణంలకు ఉరికొచ్చినవ్. గీ దూది మూటల ఎన్కాల దాచిన. సద్దుమణిగినంక బండి మీద మీ ఇంటి గడప దాక దించొచ్చిన. ‘నాకోసం ఎందుకు చేసినవ్, భాయ్’ అని అడిగినవ్ గదా?”

“అడిగిన.”

“నువ్వు కోసి పారేసింది ఆ జవాబునే, తమ్మీ.”