ఎడమ దిక్కు నూనె

మొఘల్‌పురాల తన షాపు ముంగట మెకానిక్ విఠల్ పాత బుల్లెట్ బండి ముంగటి చక్రాన్ని పట్టుకునే రెండు ఫోర్కు పైపులల్ల పుల్ల ముంచి నూనె మట్టం చూసిండు. బండి తెచ్చినాయన పక్కనే నిలబడ్డడు.

“అన్నా, కుడి దిక్కు బరాబర్ ఉన్నది. ఎడమ దిక్కు చుక్క లేదు.”

“కారిపోయిందేమో.”

“కారితే పైపంత జిడ్డుండాలె. ఇది పొడిగున్నది. కింద స్క్రూకు కొత్త వాషర్ ఉన్నది. ఎవరో ఇప్పి, నూనె తీసేసి, మళ్ల బిగించిన్రు.”

ఆయన వంగి ఆ వాషర్‌ను చూసిండు.

“గిట్లనే నడిపితే ఏమైతది?”

“గల్లీలల్ల ఏం గాదు. ఘాట్ దిగంగ గట్టిగ బ్రేక్ కొడితే హ్యాండిల్ చేతుల ఉండదు. ఎవరు ముట్టిన్రు దీన్ని?”

“మా తమ్ముడు. ఇయ్యాల ఇద్దరం చెరొక బండి మీద శ్రీశైలం పోతున్నం. ఇది మా నాయిన బండి, నువ్వే నడపాలె అని వాడు ఒక్కటే పట్టు. ముంగట టక్‌టక్‌మంటుందని నేనే ఇటు తిప్పిన.”

రోడ్డవతల చాయ్ హోటల్ కాడినుంచి తమ్ముడు చెయ్యి ఊపిండు. ఈయన గూడ నవ్వుకుంట ఊపిండు.

“ఆగు అన్నా, నూనె పోస్త.”

“వద్దు. ఎట్లున్నదో అట్లనే బిగించు. ఈ బండి వాడే నడుపుతడు.”

విఠల్‌ ముంగటి చక్రం ఊడదీసి, షాపుల పెట్టి తాళమేసిండు.