చివరగా ఏం చేశారండీ?

1971వ సంవత్సరం జూన్ పద్నాలుగో తేదీన గుడివాడలో టైపిస్టుగా ఉద్యోగ జీవితం ప్రారంభించిన శ్రీమతి దయామణి గారు, ముప్పై అయిదేళ్ల సుదీర్ఘ సేవానంతరం ఈ ఆగస్టు ముప్పై ఒకటిన మచిలీపట్నంలోని మన కార్యాలయం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసాల్లో 'అలుపెరుగని' అనే విశేషణం వాడటం ఆనవాయితీ. దయామణి గారి విషయంలో అది అబద్ధమవుతుంది. ఆమె అలసిపోయారు. ఏనాడో అలసిపోయారు, పని మాత్రం ఆపలేదు.

గుడివాడ నుండి అవనిగడ్డకు బదిలీ అయిన 1977లోనే ఉప్పెన వచ్చింది. దివిసీమ మృతుల జాబితాలు టైపు చేసిన వేళ్లు ఆమెవి. ఆ సంగతి ఆమె ఏనాడూ ప్రస్తావించలేదు. పదకొండేళ్ల తర్వాత బందరు వచ్చారు. 1996లో మన కార్యాలయానికి తొలి కంప్యూటరు రాగా, టైపు వచ్చినవారికి ఇదీ వస్తుందని అధికారులు తీర్మానించి, పదిహేను రోజుల శిక్షణతో ఆ గది బాధ్యతను నలభై ఎనిమిదేళ్ల దయామణి గారికి అప్పగించారు. నాటి నుండి ఈ భవనంలో తెరుచుకోని ప్రతి ఫైలూ ఆమె నెత్తినే పడింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయడమే ఆలస్యం, గుమ్మంలో ఎవరో ఒకరు ప్రత్యక్షం.

"మేడమ్, ఫైలు తెరుచుకోవట్లేదండీ."

"చివరగా ఏం చేశారండీ?"

"ఏమీ చెయ్యలేదండీ."

ఫైలు పేరు మార్చినవారు, పని పూర్తికాకముందే ఫ్లాపీ లాగేసినవారు, కరెంటు స్విచ్చి కట్టేసినవారు, అందరూ ఏమీ చెయ్యని అమాయకులే! ఆమె నిట్టూర్చి, చెయ్యి కడుక్కుని లేచేవారు. తిరిగి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది.

1999 దసరా నాటి మాట. మంగినపూడి వైపు మత్స్యకార కుటుంబాల ఇళ్ల స్థలాల జాబితా ఆరు ఫ్లాపీల్లో ఉంది. చేతిరాత దరఖాస్తులు అప్పటికే రికార్డు గది కురిసి ముద్దయిపోయాయి. ఆయుధపూజ నాడు సెలవు పెట్టిన దయామణి గారు, గది తాళాలు జూనియర్ అసిస్టెంటు శోభనాద్రికి ఇచ్చి వెళ్లారు. అతడు యంత్రానికి బొట్టు పెట్టి ఊరుకోక, ఫ్లాపీల వెనుక నడిమధ్య మెరిసే బిళ్ల మీద కూడా తడిపిన కుంకుమ దిద్దాడు. పండగ వెళ్లాక ఒక్క ఫ్లాపీ తెరుచుకోలేదు. గడువు నాలుగు రోజులు.

కబురు తెలిసి, చేపలమ్ముకునే నాంచారమ్మ గంప గుమ్మంలో దించి అడిగింది.

"మా పేర్లు పోయినయ్యంటగదమ్మా?"

"పేర్లెక్కడికీ పోలేదమ్మా, తెరుచుకోవట్లేదంతే. ఇంటికెళ్లు, నేను చూస్తాను."

తర్వాత శోభనాద్రిని పిలిచి తన ప్రశ్న అడిగారు. అందరూ చెప్పే జవాబే అతడూ చెప్పాడు. ఆమె బ్లేడుతో ఫ్లాపీ తొడుగు కోసి, లోపలి పల్చటి రేకును బయటికి తీయగా వేళ్లకు ఎర్రగా అంటింది. ఆ వేళ్లను చూసుకుని, అతని మొహం చూశారు.

"చేతులు కడుక్కుని రండి. ఇది కాస్త పట్టుకోవాలి" అన్నారు.

కాచి చల్లార్చిన నీళ్లలో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, కొత్త ఫ్లాపీల తొడుగుల్లో అమర్చగా అయిదు తెరుచుకున్నాయి. ఆరోది మొండికేసింది. దయామణి గారు ఆటో ఎక్కి మంగినపూడి వెళ్లి, గడప గడపా తిరిగి ఆ పేర్లు మళ్లీ రాసుకొచ్చారు. నాంచారమ్మ పేరు ఆ ఆరోదానిలోదే. జాబితా గడువులోగా చేరింది.

అయినా అజాగ్రత్త పేరిట ఆమెకు మెమో వచ్చింది. 'తేమ వల్ల చెడిపోయినవి' అని మాత్రమే సంజాయిషీ రాసి ఇచ్చారు. పదోన్నతి రెండేళ్లు వెనక్కి పోయింది. మచ్చలేని సర్వీసు రిజిస్టరులో పడిన మచ్చ అదొక్కటే.

ఆ శోభనాద్రే ఈ వ్యాసకర్త. మేడమ్, మీ ప్రశ్నకు ఏడేళ్లు ఆలస్యంగా జవాబు చెబుతున్నాడు: చివరగా అతడు ఫ్లాపీలకు బొట్టు పెట్టాడు, మీకు మెమో వస్తే నోరు మూసుకున్నాడు. ఈ రెండు సంగతులూ నిన్న పై అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చాడు. సిగ్గుతోనే ఇచ్చాడు.

ఇకపై ఏ మధ్యాహ్నమూ మీ గుమ్మంలో ఎవరూ నిలబడకుందురుగాక. ఆరోగ్యం మీ వెంట ఉండి, చాలా చాలా ఏళ్లపాటు మీరు మీ అన్నం వేడిగా తినాలని మా అందరి ఆకాంక్ష.