మందారాకు ముడత

బరంపురంలో ఎరువుల కొట్టు ముందు ఆవిడ కొంగుముడి విప్పి, నాలుగు మందారాకులు బల్ల మీద పరిచింది. దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన మాటే ముందుగా అనేసింది.

"దిష్టి బాబూ. పక్కింటి కుమారి గోడమీంచి సూసి, ఎన్ని పూలో అంది. మర్నాడే ఆకులు ముడుసుకుపోనాయి. పది రోజులై దాంతో మాటాడ్డం మానేసినాను."

కొట్టాయన కళ్లజోడు సర్దుకుని ఆకులు తిరగేశాడు.

"అడుగున పురుగు లేదమ్మా. అంచులు మాడి ముడుచుకున్నాయి. మొక్కకి ఏటి పోస్తున్నావు?"

"సేపలు కడిగిన నీల్లు. మా అత్త కాలం నించీ అదే పోస్తన్నాం."

"ఏం చేపలు?"

"తాబేళ్లు గుడ్లెట్టే కాలమని వేట ఆపీసినారు కదా, పచ్చిసేపలెక్కడివి? నెల్లాళ్లై పొడంపేట ఎండుసేపలే."

"ఎండుచేపలకి ఉప్పు పట్టిస్తారు కదమ్మా."

ఆవిడ ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మళ్లీ కొంగున కట్టుకుంది.

"మందేం అక్కర్లేదు. నాలుగు రోజులు మంచినీళ్లు బాగా పొయ్యి, ఉప్పు దిగిపోతుంది. ఆ కుమారితో మాట్లాడు."

"మాటాడతాను. ఓ పురుగుమందు సీసా ఇయ్యి బాబూ."

"పురుగే లేదంటున్నాను కదమ్మా."

"ఒట్టి సేతుల్తో ఎల్తే తప్పు నాదేనని దానికి తెలిసిపోతాది. పెద్ద సీసాయే ఇయ్యి, గోడవతలికి అగుపడాల."