నలభైరెండు పళ్ళ రంపం

గాలెమ్మ అని ఒకామె, రంపాల చెంచయ్య పెళ్ళాం. చెంచయ్య పోయి అప్పటికి ఆరేళ్ళయిందంట. పిల్లా జెల్లా లేరు. ఒక బర్రె, వసారా గోడకి పదకొండు రంపాలు, అంతే ఆమెకున్నది. ఆ రంపాలేందంటారా, చెప్తా. చెంచయ్యకి అదొక పిచ్చి అనుకో. కొమ్మలకొక రంపం, తుమ్మకొక రంపం, వేపమానుకొక రంపం, తాడిమొద్దుకొక రంపం, ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని లాగే పెద్ద రంపం. ఏ సంతకి పోయినా తన కాడ లేని సైజు కనపడితే చాలు, తెచ్చేది, మేకు కొట్టేది, తగిలించేది. ఊళ్ళో ఎవరికి చెట్టు కొయ్యాలన్నా ఆ ఇంటికే పోవాల. ఊరికే ఇచ్చేవాడు. ఒక్కటే షరతు. మొద్దుబారిన రంపం గడప దాటకూడదు. అడగొచ్చినోడు అరుగు మీద కూకోవాల, రంపం కొస గట్టిగా పట్టుకోవాల, చెంచయ్య ఆకురాయి తీసుకుని ఒక్కో పన్నూ రాకి పదును పెట్టేవాడు. చిన్న రంపానికి ఒక చుట్ట కాలినంత సేపు, పెద్ద రంపానికి గంట. గంటసేపు ఎదురుబొదురు కూకున్నాక నోరు మూసుకుని ఉంటారా ఎవరైనా? పైర్ల సంగతి, పెళ్ళిళ్ళ సంగతి, ఎవరింట్లో ఏం గొడవ, అన్నీ ఆ అరుగు మీదనే. చెంచయ్య పోయినాక ఆ ఆకురాయి గాలెమ్మ చేతికొచ్చింది. జనం మాత్రం అట్టాగే వచ్చారు, అట్టాగే కూకున్నారు. ఆరేళ్ళు ఆమెకి మొగుడు లేని లోటు తెలిసింది గానీ మనిషి లేని లోటు తెలియలా.

తర్వాత ఏమైందంటే, పక్క ఊరి నుంచి ఒకడు మిషను రంపం ఏసుకుని బండి మీద రావడం మొదలుపెట్టాడు. డుర్రుమని ఒక్క మోత, చెట్టు కింద పడేది. పొద్దంతా పట్టే పని టీ తాగినంత సేపట్లో అయిపోతా ఉంటే చేతి రంపం ఎవరు అడుగుతారు? మీరైతే అడుగుతారా? ఒక నెల పోయింది, రెండు నెల్లు పోయినయ్యి, మూడు నెల్లు పోయినయ్యి. గాలెమ్మ వాకిట్లోకి ఒక్కరు రాలా. ఆమె మాత్రం పొద్దున్నే అరుగు ఊడ్చేది, నీళ్ళు చల్లేది, వారానికొక రంపం దించేది, కొస పట్టుకునే మనిషి లేక కాలి కింద తొక్కిపెట్టి పదును పెట్టేది, మళ్ళీ తగిలించేది. మాట్లాడాలనిపిస్తే బర్రెతో మాట్లాడేది. బర్రె తల తిప్పి చూసేది, మేతలో పడేది. ఒకరోజు నీళ్ళబిందె ఎత్తుకుని వస్తా ఆమెకి తట్టిందంట, నిన్న పొద్దున్నుంచి నేను మనిషితో ఒక్క మాట మాట్లాడలేదే అని. అక్కడే బిందె దించి నిలబడిపోయింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే మాత్రం ఎందుకని అడిగేవాళ్ళు ఎవరు?

ఇట్టా ఉండంగా ఒక రోజు టీ బంకు కాడ ఆ పక్కూరోడు మిషను ఒళ్ళో పెట్టుకుని ఏందో గీకతా కనపడ్డాడు. గాలెమ్మ ఆగింది. ఏంది నాయనా చేస్తన్నావ్ అంటే, పదును పెద్దమ్మా, ఈ చైనుకీ పళ్ళుంటయ్యి, రోజూ రాక్కోకపోతే కొయ్యదు అన్నాడంట. దీనికీ పళ్ళేనా అంది. పళ్ళే అన్నాడు. ఒక్కో పన్నుకి మూడు సార్లు ఆకురాయి ఆడించాల, చైను చేత్తో కొంచెం జరపాల, మళ్ళీ ఇంకో పన్ను, ఒక్కడే చేసుకోవాలంటే విసుగు పెద్దమ్మా, జరిపేవాడు ఇంకొకడుంటే బాగుండు అన్నాడు. అదిగో, ఆ మాట ఆమె చెవిలో పడింది. ఇంటికి పోయింది, ఆ రోజంతా గోడకున్న రంపాల వంకే చూసింది. మర్నాడు బర్రెని తోలుకుపోయి సంతలో అమ్మింది. ఉన్న ఒక్క తోడు అది. తాడు కొన్నోడి చేతికిచ్చి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చిందంట. చూస్తే వదిలిపెట్టి రాలేకపోయేది.

ఇంక మిషను కొనాల. ఎంత సైజుది కొనాల? ఊళ్ళో అడిగితే ఒక్కొక్కడూ ఒక్కోటి చెప్పాడు. కొమ్మలకైతే చైను తిరిగే బద్ద పన్నెండు ఇంచులుంటే చాలన్నాడు ఒకడు. జామాయిలు మాన్లకి పద్దెనిమిది కావాలన్నాడు ఇంకొకడు. నీకెందుకు గాలెమ్మా, ఈ వయసులో నువ్వేం కోస్తావ్ అన్నాడు మూడోవాడు. ఆమె అందరిదీ విని తల ఊపి, కంభం బస్సెక్కింది. అక్కడ మోటార్లమ్మే కొట్టాయన మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏం కొయ్యాలమ్మా, ఎంత లావు మాను అన్నాడు. మాను సంగతి తర్వాత, దీనికి పళ్ళెన్ని అంది. పళ్ళు కాదమ్మా, ఇంచులడగాల అన్నాడు. ఇంచులు నువ్వు ఉంచుకో నాయనా, పళ్ళు లెక్కపెట్టు అంది. ఆయన నవ్వుకుంటా లెక్కపెట్టాడు. చిన్నదానికి ఇరవైరెండు. గాలెమ్మ మనసులో లెక్క ఏసుకుంది. ఒక్కో పన్నుకి మూడు సార్లు, చైను జరపడం, మధ్యలో రెండు మాటలు. ఇరవైరెండంటే ఇంతలోకే అయిపోయిద్ది, వచ్చినోడు కూకున్నట్టే ఉండదు. నడిమిదానికి ముప్పై ఆరు. ఫరవాలేదు గానీ, ఊళ్ళో కబురు చెప్పి ఇంట్లో కబురు ఎత్తుకునేలోపు లేస్తాడు. అదిగో ఆ మూలన్న పెద్దది చూడు అంది. ఇరవై నాలుగు ఇంచులది. లెక్కపెడితే నలభైరెండు. ఇది చాలు, కట్టు అంది. ఆయనకి మతిపోయింది. అమ్మా, ఇది ఇద్దరు చేతులు మార్చుకుంటా పట్టాల్సిన బరువు, దీంతో కొయ్యాల్సిన మాను మీ ఊళ్ళో ఉందా అన్నాడు. కొయ్యడం కాదు నాయనా నాకు కావాల్సింది, కూకోబెట్టడం అంది. ఆయనకేం అర్థమయిద్ది, పాపం. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చిందంట. పన్నెండో మేకు తనే కొట్టి తగిలించింది.

కబురు తెలిసి మొదట ఊళ్ళో కుర్రోడు పుల్లారెడ్డి వచ్చాడు. పిన్నీ, మిషను కావాలన్నాడు. కూకో, పదును పెట్టాల అంది. కొత్తదేగదా పిన్నీ అన్నాడు. కొత్తదైనా సరే, గడప దాటాలంటే పదును పెట్టాల్సిందే అంది. కూకున్నాడు. ఒక చేత్తో చైను జరిపాడు, రెండో చేత్తో ఫోను చూసుకున్నాడు. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎట్టా ఉన్నయ్యి అని అడిగితే ఊఁ అన్నాడు. వానలు పడతయ్యా అంటే ఊఁ అన్నాడు. నలభైరెండు పళ్ళకి నలభైరెండు ఊఁలు. సాయంత్రం తెచ్చిచ్చి, ఇది మనుషులు మోసేది కాదు పిన్నీ, చేతులు పడిపోయినయ్యి అన్నాడు. ఆ మాట ఊరంతా పోయింది. ఇంకెవరొస్తారు? అందరూ మళ్ళీ ఆ పక్కూరోడినే పిలిపించుకున్నారు. బర్రె పోయింది, మిషను మేకున ఏలాడతా ఉంది, అరుగు ఎప్పట్లాగే ఖాళీ. ఇప్పుడు మాట్లాడదామన్నా కొట్టంలో బర్రె కూడా లేదు. నేను చేసింది తప్పు పని అని గాలెమ్మ తనలో తనే అనుకునేది. ఆ తప్పు కూడా ఎవరితో చెప్పుకోవాల?

ఎండలు ముదిరాక ఒక పొద్దున దూదేకుల కాశింసా వచ్చాడు. ఆయన పరుపులు కుట్టే మనిషి. స్పాంజి పరుపులొచ్చినాక పని లేదు, ఇంట్లో మనిషి పోయి రెండేళ్ళు. అక్కా, మిషను కావాల, మా దొడ్లో చిల్లచెట్టు అడ్డంగా ఉంది అన్నాడు. గాలెమ్మ ఆకురాయి తీసింది. ఆయన చైను జరుపుతా, ఆమె రాకతా. పదో పన్ను కాడికొచ్చేసరికి ఆయన పెళ్ళాం సంగతి ఎత్తాడు, ఆమె చింతచిగురు పప్పు ఎట్టా చేసేదో చెప్పాడు. ఇరవయ్యో పన్ను కాడ గాలెమ్మ చెంచయ్య గురక సంగతి చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నలభైరెండో పన్ను అయిపోయింది గానీ ఇద్దరూ లేవలా. సాయంత్రం మిషను తెచ్చిచ్చి పోయాడు. గాలెమ్మ చైను మీద ఏలు పెట్టి చూసింది. ఒక్క పొట్టు రేణువు లేదు. పోసిన పెట్రోలు పోసినట్టే ఉంది. పొద్దున తను పెట్టిన పదును అట్టాగే మెరస్తా ఉంది. అసలు కొయ్యనేలేదు. తుడవాల్సిన పని లేక అట్టాగే మేకుకి తగిలించింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. అక్కా, ఇంకో చెట్టుంది అన్నాడు. కూకో అంది. ఏ చెట్టని అడగలా.

అట్టా ఎన్ని చెట్లయినయ్యో. కాశింసా దొడ్లో ఉన్నది నాలుగే చెట్లు, నాలుగూ ఇప్పటికీ ఉన్నయ్యి. కానీ పదునున్న పన్నుని మళ్ళీ మళ్ళీ రాకితే ఏమయిద్ది? అరిగిపోయిద్ది. కొత్తలో ఏలుగోరంత ఉన్న పళ్ళు సగానికొచ్చినయ్యి. గాలెమ్మ రోజూ చూసుకుంటా ఉంది, లోపల బెంగ. ఆకురాయి మెల్లగా ఆడించేది, మూడు సార్లకి రెండే, రెండుకి ఒకటే. ఎంత తగ్గించినా పళ్ళు అరగతానే ఉన్నయ్యి. ఒకరోజు ఆపుకోలేక అడిగేసిందంట, కాశింసా, ఇది ఇంక నెల కూడా రాదు, పళ్ళన్నీ అయిపోతే ఏం చేస్తావ్ అని. ఆయన చైను మీద చెయ్యి తియ్యలా, తల ఎత్తలా. పళ్ళు అయిపోతే నేను రాకూడదా అక్కా అన్నాడు. రావచ్చు అంది గాలెమ్మ. ఆకురాయి పక్కన పెట్టింది. ఆ రోజు వాళ్ళిద్దరూ ఉత్తినే కూకున్నారంట, చేతుల్లో పనేం లేకుండా.

ఆ మాట ఆర్నెల్ల ముందు ఎవరో ఒకరు అనుంటే బర్రె అన్నా మిగిలేదిగదా. కానీ ఎవరంటారయ్యా? పనేం లేకుండా పోయి ఒకరి వాకిట్లో కూకోవాలంటే మనకి నామోషీ. చేతిలో ఏదో ఒకటి ఉండాల, ఏదో ఒకటి అడగడానికి పోయినట్టుండాల. మిమ్మల్నే చూడండి. కథ చెప్తానంటేగదా వచ్చి కూకున్నారు. లేకపోతే ఈ ముసలోడి వాకిట్లోకి మీరెందుకొస్తారు? సరే లెయ్యండి, పాలు పిండే యేళయింది. రేపొస్తే ఇంకోటి చెప్తా. కథలేం గుర్తు రాకపోతే, వచ్చి కూకున్నా తప్పులేదు.